ఇతరుల కుళాయి

నన్ను నిలువునా ముంచినవాడు హెడ్‌మాస్టర్ పమిడి త్రివిక్రమరావు. ఈ మాట నేను బజార్లో అన్నాను, మండలాఫీసు మెట్ల మీద అన్నాను, ఆయన ముఖాన కూడా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "చెంచయ్యా, నీ బాధ నాకు అర్థమవుతుంది" అన్నాడు. ఆయనకు అందరి బాధా అర్థమవుతుంది. ఆయనతో వచ్చిన చిక్కే అది.

తొమ్మిదో తరగతి చదివే కెజియా మాత్రం నా మాట ఒప్పుకోదు. "ముంచింది సారు కాదు బాబాయ్, వ్యవస్థ" అంటుంది. నేను ఏడో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. వ్యవస్థ అనేవాడు నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు. త్రివిక్రమరావు రోజూ ఎదురుపడతాడు, తెల్లచొక్కా వేసుకుని, చేతిలో సంచీతో. కనుక నా కోపం ఆయన మీదే పెట్టుకుంటాను. కనపడని వాడి మీద కోపం పెట్టుకోవడానికి నాకు అంత చదువు లేదు.

మా కొండమూరుపాలెం హైస్కూలు ప్రహరీని ఆనుకుని మా నాయన కొన్న మూడు సెంట్ల స్థలం ఉంది. రోడ్డు మొగాన సోడా బంకు, బంకులో గోలీసోడా మిషను, బయట ఒక బల్ల. నా బతుకంతా ఆ రోడ్డు మొగమే. త్రివిక్రమరావు బడికి వచ్చిన మొదటి రోజే నిమ్మసోడా తాగుతూ అటూ ఇటూ చూసి, "ఈ ముక్క కూడా బడిలో కలిస్తే ఆవరణ చతురస్రంగా ఉండేది చెంచయ్యా" అన్నాడు. అప్పుడు నేను నవ్వాను. నాకు చతురస్రం అంటే లెక్కల పుస్తకంలో ఉండే బొమ్మ అని మాత్రమే తెలుసు.

మా ఊరి నేలలో నీళ్లు ఫ్లోరైడు. ఆ నీళ్లు తాగి పెరిగినవాడు నోరు తెరిస్తే పళ్లు తుప్పు మేకుల్లా కనపడతాయి. నావీ అంతే. అందుకని ఎవరో దాత బడిలో నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు పెట్టించి, దానికో కుళాయి బిగించాడు. నా బంకు పక్కన గోడ అవతల ఉన్న పాత ఉప్పుబోరు కుళాయికి బిరడా కొట్టేశారు. పిల్లలందరూ ఒకే కుళాయి దగ్గర ఒకర్నొకరు తోసుకుంటూ, తిట్టుకుంటూ, సమానంగా తాగేవాళ్లు. దాన్ని సమానత్వం అంటారని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది శీతాకాలంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బడి మైకులో హెడ్‌మాస్టరు దాన్ని చదువుతుంటే గోడ ఇవతల నేనూ విన్నాను. "విద్యార్థినీ విద్యార్థులలో సమతాదృక్పథమును పెంపొందించు నిమిత్తము, అమెరికా దేశమందలి నల్లజాతీయుల చరిత్ర, వ్యవస్థాగత జాతివివక్ష అను అంశములపై తరగతివారీగా చర్చలు జరుపవలెను. సదరు చర్చలు అనుభవపూర్వకముగా ఉండవలెను. స్థానిక ఉదాహరణలను ఎట్టి పరిస్థితులలోనూ ప్రస్తావించరాదు."

పిల్లలకు ఆ పాఠం పట్టుకుంది. లెక్కలంటే బెంచీ కింద దూరేవాళ్లు కూడా దీన్ని వదల్లేదు. మధ్యాహ్నం బువ్వ తిన్నాక నా బల్ల మీద కూర్చుని అదే గోల. మనుషుల్ని ఓడల్లో గొలుసులు వేసి తీసుకుపోవడం, పత్తిచేలల్లో బానిసలుగా పెట్టడం, తర్వాత వేరే కుళాయిలు, బస్సులో వేరే సీట్లు, లెమ్మంటే లేవను పొమ్మన్న ఆడమనిషి, అన్నీ నేను అక్కడే విన్నాను. నన్నడిగితే మంచి పాఠమే. నా రోజుల్లో ఇట్లాంటివి చెప్పి ఉంటే ఎనిమిదో తరగతి దాకా లాగేవాణ్ణేమో.

వాగు అవతల కాలనీలో ఉండే కెజియా వాళ్లందరికీ పెద్ద. మాట తూకం వేసినట్టు మాట్లాడుతుంది. "చట్టం కొట్టేసినా అది పోలేదంట. ఇంటి అప్పు కాడ, బడి కాడ, పోలీసోడి కాడ అట్టానే మిగిలిపోయిందంట. ఎవురూ చెడ్డోళ్లు కాకపోయినా చెడు జరిగిపోతా ఉంటది. దాన్నే వ్యవస్థాగతం అంటారు."

లారీ మెకానిక్ కొడుకు మస్తాన్‌వలికి అది నచ్చలేదు. "అయితే ఎవుర్ని తన్నాల?"

"తన్నటానికి మనిషంటూ ఉండడు. అదేరా వ్యవస్థంటే."

"తన్నటానికి మనిషే లేకపోతే ఇదంతా చదివి ఏం లాభం?"

నేను మస్తాన్‌వలి పక్షం. వాడికి ఒక సుగంధసోడా కొట్టి ఇచ్చాను.

"స్థానిక ఉదాహరణలు చెప్పొద్దన్నారు గదా, మరి సారు ఏం అడుగుతున్నాడు?" అన్నాను.

"అమెరికా గురించి ఏమన్నా అడగమంటాడు బాబాయ్. మొన్న నేను లేచి, మా కాలనీకి పైపు ఎందుకు రాలా సార్ అన్నా. కూర్చోమ్మా, అది అమెరికాలో లేదు అన్నాడు."

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం 'అనుభవపూర్వకముగా' అనే మాటలో దాక్కుని ఉంది. దాన్ని బయటికి లాగినవాడు జిల్లా సమతా ప్రత్యేకాధికారి భుజంగరావు. ఆయన జీపు దిగిన రోజు మీటింగుకు సోడాలు పంపమంటే నేనే పట్టుకెళ్లాను. సోడా కొట్టినప్పుడు వచ్చే కీచు శబ్దానికి ఆయన ఉలిక్కిపడి, నా వైపు చూసి, మళ్లీ మొదలుపెట్టాడు.

"చరిత్రను చెప్పుట వేరు, చరిత్రను త్రాగించుట వేరు. ఆ దేశమున రెండు కుళాయిలు ఉండెడివి. మీ పాఠశాలలో ఎన్ని ఉన్నవి?"

"ఒకటే సార్" అన్నాడు త్రివిక్రమరావు, తప్పు చేసినట్టు.

"ఒక్క కుళాయితో వివక్షను ఎట్లు బోధించుచున్నారు?"

నేను రెండో సోడా కొట్టకుండా ఆగాను. హెడ్‌మాస్టరు చెమట తుడుచుకుని, "గోడ పక్కన పాత ఉప్పుబోరు కుళాయి ఒకటి ఉంది సార్. నీళ్లు బాగుండవని బిరడా కొట్టాం" అన్నాడు.

భుజంగరావు ముఖం వికసించింది. "భేష్. నీరు బాగుండదు. అనగా వివక్షకు కావలసిన మౌలిక సదుపాయములన్నీ మీ యొద్ద సిద్ధముగానే ఉన్నవి. వినియోగమే లేదు."

బిరడా తీశారు. కుళాయిల మీద బోర్డులు పెట్టాలి కదా, ఏం రాయాలన్నదాని మీద సాయంత్రం దాకా చర్చ జరిగింది. తెల్లవారు, నల్లవారు అని రాద్దామంటే మా ఊళ్లో తెల్లవాళ్లు లేరు. ఉన్నదాంట్లో కాస్త రంగున్నవాళ్లను మేము ఎర్రగా ఉన్నారంటాం. ఎర్రవారు అని రాస్తే రాజకీయం అవుతుందని డ్రాయింగు మాస్టారు భయపడ్డాడు. మొదటి రకం, రెండో రకం అంటే బియ్యం కొట్టులా ఉంటుందన్నారు. చివరికి అందరికీ అలవాటైన సర్కారు మాటే దొరికింది. ఒకదాని మీద 'సాధారణ', ఇంకోదాని మీద 'ఇతరులు'. భుజంగరావు ఇతరుల కుళాయికి రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లు తాగకుండా వెళ్లిపోయాడు.

ఎవరు ఏ కుళాయి దగ్గర తాగాలి అన్నది న్యాయంగా జరగాలని చీట్లు వేశారు. పిల్లలు చీటీలు తీశారు. సర్పంచి మనవడికి 'ఇతరులు' వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టకముందే సర్పంచి బుల్లెట్టు బండి మీద గేటు లోపలికి వచ్చేశాడు.

"ఏందయ్యా హెడ్‌మాస్టరూ, మా వోడు ఇతరుడా?"

"అట్లా కాదండీ. అనుభవం కోసం. పిల్లలకు ఆ బాధ తెలియాలని..."

"మాకు ఆ అనుభవం అక్కర్లా. మా తాతల కాడి నుంచి లేదు, ఇప్పుడెందుకు కొత్తగా?"

"మీ బాధ నాకు అర్థమవుతుందండీ" అన్నాడు త్రివిక్రమరావు.

అర్థమైన ఫలితంగా ఆ సాయంత్రమే మినహాయింపు కమిటీ ఒకటి పుట్టింది. పళ్ల ఆరోగ్యం దృష్ట్యా ఎవరైనా తమ బిడ్డను సాధారణ కుళాయికి మార్పించుకోవచ్చు. పేదా గొప్పా తేడా లేదు. తల్లి గానీ తండ్రి గానీ ఆఫీసు వేళల్లో స్వయంగా వచ్చి, దరఖాస్తు ఇచ్చి, సంతకం చేస్తే చాలు. నిబంధన అందరికీ ఒకటే అని మైకులో మూడుసార్లు చెప్పారు.

అది మిరపకోతల కాలం. వాగు అవతల కాలనీ మొత్తం తెల్లారకముందే ట్రాలీ ఎక్కి పొరుగు మండలం చేలకు పోతుంది. పొద్దుగూకాక వస్తుంది. ఆఫీసు వేళలనేవి వాళ్ల రోజులో ఎక్కడా తగలవు. మస్తాన్‌వలి నాయన, మెకానిక్ ఖాదరు ఒక రోజు షెడ్డు మూసి వచ్చాడు గానీ, కమిటీ సభ్యులు ఆ రోజు సమతా శిక్షణకు వెళ్లారు. రెండో రోజు ఆయన షెడ్డు మూయలేకపోయాడు.

వారం తిరిగేసరికి రెండు వరసలు కుదురుకున్నాయి. సాధారణ వరసలో దుకాణాల వాళ్ల పిల్లలు, టీచర్ల పిల్లలు, పొలాలున్న వాళ్ల పిల్లలు. ఇతరుల వరసలో కాలనీ పిల్లలందరూ, మస్తాన్‌వలీ, తల్లిదండ్రులు ఎక్కడో సిమెంటు పని చేస్తుంటే అవ్వ దగ్గర పెరిగే ఇద్దరు. చీట్ల మీద నమ్మకంతో మొదట అక్కడ నిలబడ్డవాళ్లు ఒకరొకరే జారిపోయారు. మిగిలినవాళ్లను ఎవరూ ఏరలేదు.

గోడ మీద నుంచి నేను హెడ్‌మాస్టరుతో అన్నాను. "ఏంది సార్ ఇది, కరెక్టుగా వాగు అవతల పిల్లలే మిగిల్నారు?"

"చూడు చెంచయ్యా, మేం కులం అడిగామా? రంగు చూశామా? దరఖాస్తు చూశాం. అంతే."

కెజియా ఆ నీళ్లు పుక్కిలించి ఉమ్మి, నా బల్ల మీదికి వచ్చి కూర్చుంది. "సారు పాఠం బాగా చెప్తా ఉండాడు బాబాయ్. పుస్తకంలో వ్యవస్థాగతం అంటే నాక్కూడా సరిగ్గా తెలవలా. ఇప్పుడు తెలిసింది."

"మాన్పించమని అడగరాదా?"

"అడిగినాం. ఇది ప్రయోగం, వార్షిక తనిఖీ అయ్యేదాకా తీయకూడదన్నాడు. కుళాయి ఇప్పుడు సర్కారు ఆస్తి అంట. రిబ్బను కత్తిరించినాక పీకేస్తే ఆడిట్టులో పట్టుకుంటారంట."

మస్తాన్‌వలి గోలీని బొటనవేలుతో నొక్కుతూ, "ఆ బస్సులో ఆయమ్మ ఏం చేసింది? లేవలా. మనం గూడా అట్టాంటిదే ఏదో ఒకటి చెయ్యాల" అన్నాడు.

"నువ్వు లేవకుండా కూర్చుంటే నిద్రపోతా ఉండావనుకుంటారు" అంది కెజియా. "ఇంకోటి చేద్దాం."

వాళ్లు చేసింది ఇది. తనిఖీకి భుజంగరావు వీడియో మనిషిని వెంటబెట్టుకుని వచ్చిన రోజు, నీళ్ల గంట కొట్టగానే బడి మొత్తం వెళ్లి ఇతరుల కుళాయి ముందు నిలబడింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే వరస. టీచర్ల పిల్లలు కూడా. సర్పంచి మనవడు అందరికంటే ముందు నిలబడి, ఒక దోసెడు తాగి, ముఖం చిట్లించి, మళ్లీ తాగాడు. సాధారణ కుళాయి దగ్గర ఒక కాకి తప్ప ఎవరూ లేరు.

ఉన్నమాట చెప్పాలి. వాళ్లలో సగం మంది న్యాయం కోసం నిలబడ్డారు. మిగతా సగం ఆ ఉప్పునీళ్లు తాగితే నోరు కడుక్కోవడానికని గోడ దూకి సోడా బంకుకు పోవచ్చని నిలబడ్డారు. వరసలో ఎవరు ఏ సగమో చెప్పడం కష్టం. అయినా ఆ వరస చూస్తుంటే, మిషను తిప్పుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

త్రివిక్రమరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఉద్యోగం పోతుందనుకున్నాడు. పోతే బాగుండు. కానీ భుజంగరావు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, తన గుమాస్తాతో నివేదిక చెప్పి రాయించాడు. "ఇతరుల కుళాయికి విద్యార్థుల నుండి విశేష ఆదరణ లభించుచున్నది. సాధారణ కుళాయి నిరాదరణకు గురి అయినది. రద్దీ దృష్ట్యా ఇతరుల కుళాయిని తక్షణమే విస్తరించవలసియున్నది."

"సార్" అంది కెజియా, వరసలోంచి. "మేము అది వద్దని నిలబడినాం."

"వద్దన్నవారు అచ్చట నిలబడరమ్మా. దూరముగా నిలబడెదరు" అన్నాడు ఆయన దయగా.

విస్తరణ అంటే పది కుళాయిలు, రేకుల షెడ్డు, గోడకు బొమ్మలు, మొత్తానికి 'వివక్షానుభవ కేంద్రం' అని పేరు. కేంద్రానికి స్థలం కావాలి. ఆవరణ చతురస్రంగా లేదని త్రివిక్రమరావుకు మొదటి రోజు నుంచే తెలుసు కదా.

మండలాఫీసులో విచారణకు పిలిచారు. నేను చెప్పుకున్నాను. "అయ్యా, బడిలో ఆటస్థలం ఉంది. సాధారణ కుళాయి పక్కన జాగా ఉంది. ఆడ కట్టుకోండి. నా రోడ్డు మొగం పోతే నా బంకు పోయినట్టే."

భుజంగరావు నా అజ్ఞానానికి జాలిపడ్డాడు. "రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టరాదు. రెంటి నడుమ తగినంత దూరము లేనిచో అది వివక్ష ఎట్లగును? అది రెండు కుళాయిలు మాత్రమే అగును."

"పోనీ, అసలు ఆ కుళాయే తీసేస్తే?"

"వివక్షను నిర్మూలించుటకే గదా దానిని నిర్మించితిమి. తీసివేసినచో దేనిని నిర్మూలింతుము?"

త్రివిక్రమరావు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు అన్యాయం జరుగుతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా చెంచయ్యా." అక్షరాలా అదే చేశాడు. చూశాడు, ఊరుకున్నాడు.

కొలతల రోజు వచ్చింది. సర్వేయరు ఒక్కడే వస్తాడనుకుంటే ఆయన వెనక తొమ్మిదో తరగతి మొత్తం వరసగా వచ్చింది, చేతుల్లో అట్టలు, అట్టల మీద కాగితాలు. భుజంగరావు ఒక రాయి ఎక్కి నిలబడ్డాడు.

"బాలబాలికలారా, ఆ దేశమున రోడ్ల పేర, ఉద్యానవనముల పేర నల్లజాతివారి భూములు ఎట్లు చేజారినవో మీరు చదివితిరి. నేడు అద్దానిని ప్రత్యక్షముగా వీక్షింపుడు. చెంచయ్యగారూ, తమరు దయచేసి కదలక నిలబడుడు."

నన్ను 'గారు' అనడం అదే మొదటిసారి. కదలకుండా నిలబడ్డాను. కాగితంలో రెండో ప్రశ్న, భూమి కోల్పోవు వ్యక్తి ముఖకవళికలను మూడు వాక్యములలో వర్ణించుము.

మస్తాన్‌వలి దగ్గరికి వచ్చి గుసగుసగా, "బాబాయ్, కాస్త ఏడుపు మొహం పెట్టు. రెండు వాక్యాల కంటే రావట్లా" అన్నాడు.

"నా మొహమే అంతరా" అన్నాను.

"అది రాసేసినా. అది ఒక వాక్యం."

మొదటి ప్రశ్న కొలత. అది పిల్లలే చెయ్యాలి. టేపు ఒక కొస కెజియా పట్టుకుంది, రెండో కొస మస్తాన్‌వలి పట్టుకున్నాడు. సర్వేయరు గుణించి, పెదాల మధ్య లెక్క కట్టి, పిల్లలందరికీ వినపడేట్టు "ఒకటిన్నర సెంటు" అన్నాడు. అని, తన పుస్తకంలో ఒక సెంటు అని రాసుకున్నాడు.

"మిగతా అర ఏమయింది సార్?" అంది కెజియా.

"గోడ మందానికి, కాలవకు, సున్నం పట్టీకి పోతుందమ్మా. అది లెక్కలోకి రాదు."

"పోయింది లెక్కలోకి రాకపోతే ఇంకేం వస్తది సార్?"

త్రివిక్రమరావు కాగితాలు తీసేసుకోమని విజిల్ ఊదాడు.

కేంద్రం లేచింది. నాకు మిగిలింది వెనకవైపు ముక్క. ఇప్పుడు నా బంకు ఆ రేకుల షెడ్డు వీపును చూస్తూ ఉంటుంది. రోడ్డు మీద పోయే దాహం గల మనిషికి నేనున్నట్టు తెలియదు. నా బల్లను లోపల గోడ బొమ్మల పక్కన పెట్టి, 'ప్రదర్శన వస్తువు, కూర్చొనరాదు' అని బోర్డు తగిలించారు. మొదటి రోజే కెజియా వెళ్లి దాని మీద కూర్చుంది. వాచ్‌మన్ లెమ్మన్నాడు. లేవలేదు. ఇది మ్యూజియం బల్ల అన్నాడు. "ఇది చెంచయ్య బాబాయ్ బల్ల. దీని మీదే మేం ఈ పాఠం చదువుకుంది" అంది. తర్వాత మస్తాన్‌వలి కూర్చున్నాడు, ఆ తర్వాత ఇంకా ఇద్దరు, చివరికి సర్పంచి మనవడు. బల్ల కోడు విరిగింది. బాగుచేయడానికి నన్నే పిలిచారు.

వేసవి ముందు వార్షిక పరీక్షలు. సోషల్ పేపరు త్రివిక్రమరావే తయారుచేశాడు. అందులో ఒక మార్కు ప్రశ్న, మన పాఠశాల వివక్షానుభవ కేంద్రమునకై సేకరించిన స్థల విస్తీర్ణమెంత? జవాబుల కాగితంలో ఆయన రాసుకున్నది ఒక సెంటు. రికార్డులో ఉన్నది అదే, నాకు పరిహారం లెక్క కట్టింది కూడా దానికే.

తొమ్మిదో తరగతి మొత్తం అదే ప్రశ్నకు తప్పు జవాబు రాసింది. అందరూ ఒకే తప్పు. సర్పంచి మనవడు కూడా. వాడు కెజియా కాగితంలో చూసి రాశాడని మస్తాన్‌వలి అంటాడు గానీ, చూసినా, రాసింది వాడే కదా.

హెడ్‌మాస్టరు కెజియాను గదికి పిలిచాడు. నేను అప్పుడు బల్ల కోడుకు మేకులు కొడుతున్నాను, గుమ్మం అవతలే. "నీకు స్కూల్ ఫస్టు పోయేది ఆ ఒక్క మార్కుతోనేనమ్మా. నీ బాధ నాకు అర్థమవుతుంది. రికార్డు ప్రకారం దిద్దుకో, మార్కు వేస్తాను."

"టేపు కొస నేనే పట్టుకున్నా సార్" అంది.

"అయితే ఏం?"

"దిద్దను సార్."

ఆయన ఎర్రసిరా కలంతో సున్నా చుట్టాడు. ఆ పిల్లకు రావలసిన స్కూల్ ఫస్టు ఎనిమిదో తరగతిలో ఎవరికో పోయింది. బయటికి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, మేకులు అందిస్తూ, "సారు మంచోడే బాబాయ్. వ్యవస్థ" అంది మళ్లీ. నేను వాదించలేదు. వ్యవస్థే కావచ్చు. కానీ సున్నా చుట్టిన చెయ్యి నేను చూశాను, దానికి వాచీ ఉంది.

మార్కు వేసేవాళ్లు వేయకపోయినా, ఆ ప్రశ్నకు సరైన జవాబు తొమ్మిదో తరగతి పిల్లలు రాసిందే. పోయింది తూర్పు పక్క, రోడ్డు మొగాన, గోడ మందంతో సహా ఒకటిన్నర సెంటు.